అరవై దాటిన ప్రతివాళ్ళకీ కంటి మాత్రలు కావాలా?

రాజోలు సీమ

అందరికీ నమస్కారమండి. ఈమధ్య మా ఊరి కమ్యూనిటీ హాల్లో కంటి క్యాంపు పెట్టారు. గోడకి అక్షరాల అట్ట తగిలించి చదివించారు, టార్చిలైటు వేసి చూశారు, అంతే. బయటికొచ్చేసరికి అరవై దాటిన ప్రతివాళ్ళ చేతిలోనూ ఒకటే రకం డబ్బా. లూటీన్, జియాజాంతిన్ (ఆకుకూరల్లో ఉండే పసుపు పదార్థాలు), జింకు, విటమిన్లు కలిపిన మాత్రలు. శుక్లం ముదిరినావిడకీ అదే, షుగరున్నాయనకీ అదే, కళ్ళజోడు మార్చుకుంటే సరిపోయేవాళ్ళకీ అదే. అప్పట్నుంచీ పింఛను డబ్బుల్లోంచి నెలకి ఆరేడు వందలు తీసి మళ్ళీ మళ్ళీ కొంటున్నారు. మానేస్తే చూపు పోతుందేమోనని భయం.

నా వాదన ఇదండి. రెటీనా (కంటి లోపల వెనకవైపు పొర) చూసిన డాక్టరు "మీకు ఫలానా జబ్బు, ఫలానా దశలో ఉంది, అందుకని వాడండి" అని చెప్తే తప్ప ఈ మాత్రలు కొనకూడదు. కొంటున్నవాళ్ళ చేత మాన్పించాలి. ఆ డబ్బుతో ఆకుకూర, గుడ్డు, చేప పెడితే ఎక్కువ మేలు. ఒప్పుకోనివాళ్ళు కారణం చెప్పండి. "వాడితే పోయేదేముంది" అనేది మాత్రం కారణం కాదు.

పాలకొల్లు మందుల కొట్టు

నేను ఒప్పుకోనండి. కౌంటరు ఇవతల నిలబడి రోజూ చూసేవాణ్ణి కాబట్టి చెప్తున్నాను. ఆకుకూర తినిపించండి అనడం తేలిక. పెద్దవాళ్ళు ఏం తింటున్నారో ఇంట్లో ఎవరైనా చూస్తున్నారా? పిల్లలు హైదరాబాదులోనో గల్ఫులోనో ఉంటారు. ఇక్కడ ముసలిదంపతులిద్దరే. పొద్దున్నే ఇడ్లీ, మధ్యాహ్నం అన్నంలో చారు, మజ్జిగ. పళ్ళూడిపోయి గట్టిది నమల్లేరు, కూర బాగుచేసి తరుక్కునే ఓపిక లేదు. అలాంటివాళ్ళకి రోజుకి పది మిల్లీగ్రాముల లూటీన్ మాత్రలోనైనా అందుతుంది. దాన్ని కూడా మాన్పించి మీరు ఇచ్చేదేంటి?

ఇంకో మాట. ఈ మాత్రలు ఎవరో గాల్లోంచి పుట్టించినవి కావు. అమెరికా ప్రభుత్వ నేత్ర పరిశోధన సంస్థ ఏళ్ళ తరబడి పరీక్షలు చేసి 2001లో ఒకసారి, 2013లో మరోసారి ఫలితాలు ప్రకటించింది. ఎంతో కొంత పనిచేస్తాయని తేలబట్టే డాక్టర్లు రాస్తున్నారు.

ముక్తేశ్వరం లంకరైతు

ఆయ్, నాదో మాట. మా నాయనమ్మ చివరిదాకా సూదిలోకి దారం ఎక్కించుకుంది. ఆవిడకి మాత్రల సంగతే తెలీదు. ఆషాఢం వస్తే మునగాకు, చేల గట్టు మీద పొన్నగంటి, దొడ్లో తోటకూర, బచ్చలి. కవళ్ళ చేపల బండి వస్తే ఆ రోజు ఇంట్లో అదే పండగ. ఇప్పుడు గట్లన్నిటికీ కలుపు మందు కొట్టేస్తున్నాం, చేలు చెరువులైపోయాయి, పొన్నగంటి కావాలంటే సంతలో కట్ట కొనుక్కోవాలి. చూపు పోవడానికి మూలం అక్కడుంది. తిండి సరిచేసుకుంటే శుక్లమైనా, ఏదైనా వెనక్కి తగ్గుతుందని నా నమ్మకం. నందివర్ధనం పూలు కళ్ళ మీద వేసుకున్నా చల్లగా హాయిగా ఉంటుంది. డబ్బాలు నాకొద్దండి.

తణుకు పరీక్షగది

నేను ఆప్టోమెట్రిస్టునండి, అంటే కంటిచూపు పరీక్షించేవాణ్ణి, పని చేసేది ఈ జిల్లాలోనే. పైన మాట్లాడిన ముగ్గురూ "చూపు" అని ఒక్క ముద్దగా మాట్లాడుతున్నారు. వయసు మీద పడ్డాక చూపు తగ్గే జబ్బులు ముఖ్యంగా నాలుగున్నాయి. తిండికీ మాత్రకీ వీటిలో ఒక్కోదానితో ఒక్కో రకం సంబంధం, కొన్నిటితో అసలు సంబంధమే లేదు.

మొదటిది శుక్లం. 2015-19 మధ్య దేశమంతటా జరిగిన సర్వేలో, యాభై దాటినవాళ్ళ అంధత్వానికి 66 శాతం కారణం ఇదే. లంకరైతు గారూ, శుక్లం వెనక్కి తగ్గదండి. కంట్లో కటకం ఒకసారి మసకబారాక పొన్నగంటి తిన్నా, డబ్బా మింగినా తేటపడదు. మదురై చుట్టుపక్కల పల్లెల్లో, మనలాగే అన్నం తినేవాళ్ళకి, బీటా కెరోటిన్ (ఒంట్లో ఎ విటమిన్‌గా మారే పదార్థం), సి, ఇ విటమిన్లు ఐదేళ్ళు ఇచ్చి చూశారు. శుక్లం ముదరడం ఆగలేదు. ఆ ఫలితం 2006లో వచ్చింది. మందుల కొట్టు గారు చెప్పిన 2001 పరీక్షలోనూ శుక్లానికి ఫలితం లేదు. దీనికి ఉన్నదల్లా ఆపరేషనే, అది ఉచితంగా చేసే చోట్లు మన జిల్లాల్లో ఉన్నాయి. మాత్రలు మింగుతూ ఆపరేషను వాయిదా వేసుకునేవాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. మసకలో గడప తట్టుకుని తుంటి విరగ్గొట్టుకున్నాక వస్తారు.

రెండోది నీటికాసులు. కంటి లోపల ఒత్తిడి నరాన్ని మెల్లగా తినేస్తుంది. పక్కచూపు ముందు పోతుంది, నేరుగా చూసే చూపు చివరిదాకా బాగానే ఉంటుంది గనక మనిషికి తెలీదు. అట్ట మీద అక్షరాలు చదివిస్తే ఇది దొరకదు. దీనికీ తిండితో వైద్యం లేదు, చుక్కల మందు రోజూ వేసుకోవాలి. పోయిన చూపు తిరిగి రాదు.

మూడోది షుగరు వల్ల రెటీనా దెబ్బతినడం. ఇక్కడ తిండి ముఖ్యమే గాని, పొన్నగంటి ఎంత తిన్నారన్నది కాదు, అన్నం ఎంత తిన్నారన్నది ముఖ్యం. షుగరు, బీపీ అదుపులో పెట్టుకోవాలి, కన్ను బాగున్నట్టే అనిపించినా ఏడాదికోసారి కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకోవాలి.

నాలుగోది మాక్యులా క్షీణత. రెటీనా నడిమధ్య, మనం చదివే, మొహాలు గుర్తుపట్టే చోటు, వయసుతో పాడైపోవడం. మందుల కొట్టు గారు చెప్పిన పరీక్షలు దీని కోసం చేసినవి. అందులోనూ అందరికీ కాదు. జబ్బు మధ్య దశలో ఉన్నవాళ్ళకి, లేదా ఒక కన్ను అప్పటికే బాగా దెబ్బతిన్నవాళ్ళకి మాత్రమే ఫలితం కనిపించింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న నూరు మందిలో ఐదేళ్ళకి 28 మందికి జబ్బు ముదిరితే, విటమిన్లు, జింకు కలిపి తీసుకున్నవాళ్ళలో 20 మందికి ముదిరింది. చిన్న మేలు కాదది. కానీ జబ్బు లేనివాళ్ళకీ, తొలిదశలో ఉన్నవాళ్ళకీ మేలు జరిగినట్టు తేలలేదు. పోయిన చూపు ఎవరికీ తిరిగి రాలేదు.

అందుకని రాజోలు గారి మాట నూటికి తొంభై పాళ్ళు నాకు సమ్మతమే. ఆ క్యాంపులో చుక్కలు వేసి రెటీనా చూడలేదు కదా. చూడకుండా ఈ నాలుగింటిలో ఏదో ఎలా తెలిసింది?

భీమవరం అమ్మాయి

ఆ మిగిలిన పది పాళ్ళు నేను మాట్లాడతాను.

మా అమ్మకి డెబ్భై దాటాయి. బియ్యంలో రాళ్ళు ఏరుతూ "చేట మధ్యలో ఏదో మచ్చ ఉన్నట్టుందే, చేట తిప్పినా పోవట్లేదు" అంది. చేట అటూ ఇటూ జరిపి చూసుకుంటోంది. మచ్చ చేట మీద కాదు, చూసినచోటల్లా మధ్యలోనే ఉంది. ఇంకో రోజు తలుపు చట్రం వంకరపోయిందనీ, వడ్రంగిని పిలవమనీ గొడవ. చట్రం నిటారుగానే ఉంది. శుక్లమేలే, సంక్రాంతి వెళ్ళాక చూపిద్దాం అన్నారు ఇంట్లో. తీసుకెళ్ళేసరికి ఎడమ కంటి మాక్యులా కింద రక్తనాళాలు చిట్లి నీరు దిగింది. ఇంజెక్షన్లు వేశారు, వేస్తున్నారు. ఉన్నది నిలబడింది గానీ ఆ కంటితో మొహం పోల్చుకోలేదు. కుడి కన్ను మధ్య దశలో ఉందని చెప్పి మాత్రలు రాశారు.

రాజోలు గారూ, "మాన్పించాలి" అని మీరు ఊరంతా చెప్తే ఆ మాట మా అమ్మ దాకా వస్తుంది. వచ్చింది కూడా. పక్కింటావిడ "అవన్నీ దండగ, పొన్నగంటి తిను" అంటే అమ్మ నాకు చెప్పకుండా డబ్బా పక్కన పెట్టేసింది. మిగిలిన కన్ను కాపాడుకోవడానికి ఆవిడకున్న కొద్ది ఆసరాలో అదొకటి. జబ్బు లేనివాళ్ళ చేత మాన్పించే ఊపులో జబ్బున్నవాళ్ళ చేత మాన్పించకండి. మా అమ్మలాంటివాళ్ళు కొద్దిమందే కావచ్చు, కానీ ఉన్నది ఒక్క కన్ను.

రాజోలు సీమ

అమ్మా, మీ అమ్మగారి విషయంలో నాకు రెండో మాట లేదు. నేను మొదటే "డాక్టరు పేరుపెట్టి చెప్తే తప్ప" అన్నాను. అయినా మీరన్నది నిజం, మాట చేతులు మారేటప్పుడు "దండగ" అన్నదే మిగిలి, మొదటి సగం రాలిపోతుంది. క్యాంపుకి వెళ్ళినవాళ్ళతో మాట్లాడేటప్పుడు "మానెయ్యి" అనను, "డబ్బా పట్టుకుని రెటీనా డాక్టరు దగ్గరికి పద" అంటాను. కానీ చూడకుండా పంచేవాళ్ళ మీద నా కోపం తగ్గేది కాదు.

పాలకొల్లు మందుల కొట్టు

తణుకు పరీక్షగది గారూ, దశల సంగతి విడమర్చి చెప్పారు, మంచిదే. జబ్బు లేనివాడు వేసుకుంటే డబ్బు దండగ, అంతేగా? ఒంటికి హాని ఏముంది?

తణుకు పరీక్షగది

ఉందండి. మన గోదావరి జిల్లాల్లో మరీ ముఖ్యంగా ఉంది.

2001 నాటి పాత మిశ్రమంలో బీటా కెరోటిన్ 15 మిల్లీగ్రాములుండేది. పొగతాగేవాళ్ళకి అది మాత్రగా ఇస్తే ఊపిరితిత్తుల క్యాన్సరు పెరుగుతుందని ఫిన్లాండులో చేసిన పరీక్షలో 1994లోనే బయటపడింది. అందుకే 2013 పరీక్షలో దాని బదులు లూటీన్ 10, జియాజాంతిన్ 2 మిల్లీగ్రాములు పెట్టి చూశారు. పదేళ్ళ తర్వాతి లెక్కలు 2022లో వచ్చాయి. బీటా కెరోటిన్ తీసుకున్నవాళ్ళలో ఆ క్యాన్సరు దాదాపు రెట్టింపు. లూటీన్ తీసుకున్నవాళ్ళలో అది పెరగలేదు, పైగా మాక్యులాకి అదే మెరుగ్గా పనిచేసింది. చేపనూనె గుళికలు కూడా కలిపి చూశారు గానీ వాటివల్ల అదనపు మేలు కనిపించలేదు.

లంక పొగాకు పండే నేల మనది. చుట్ట తాగే తాతలు ఎంతమంది ఉన్నారో మీకు నేను చెప్పక్కర్లేదు. మానేసి ఏళ్ళయినవాళ్ళకి కూడా ఈ ప్రమాదం వర్తిస్తుంది. డబ్బా మీద "కంటికి" అని ఉంటే చాలదు, వెనక ఏం రాశారో చదవాలి.

ఇక చుట్ట సంగతి. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్ళు 1996-2000 మధ్య అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పదివేల మందికి పైగా కళ్ళు పరీక్షించారు. హైదరాబాదు, ఆదిలాబాదు, మహబూబ్‌నగర్‌తో పాటు వాళ్ళు ఎంచుకున్న జిల్లా మన పశ్చిమగోదావరి. చుట్ట ఎక్కువగా తాగినవాళ్ళలో మాక్యులా జబ్బు ఎక్కువగా కనిపించింది. శుక్లానికీ పొగతో సంబంధముంది. చుట్ట తాగుతూ కంటి మాత్ర వేసుకోవడమంటే గండి పూడ్చకుండా కాలవకి నీళ్ళు వదలడమే.

ఆ మిశ్రమంలో జింకు 80 మిల్లీగ్రాములు, అది మామూలు మోతాదు కాదు. ఎక్కువకాలం వాడితే ఒంట్లో రాగి తగ్గి రక్తహీనత వస్తుందని రాగి కూడా కలిపారు. కొందరికి కడుపులో తిప్పుతుంది, మూత్ర సంబంధమైన ఇబ్బందులూ కనిపించాయి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు ఆ మిశ్రమంలో ఉన్నంత విటమిన్ ఇ డాక్టరుకి చెప్పకుండా వేసుకోకూడదు.

పాలకొల్లు మందుల కొట్టు

ఇది చదివి కొట్లో ఉన్న డబ్బాలన్నీ తిప్పి చూశాను. కంటి మాత్రలని అమ్ముతున్నవాటిలో బీటా కెరోటిన్ ఉన్నవీ ఉన్నాయి, లేనివీ ఉన్నాయి. అక్షరాలు ఎంత చిన్నవంటే కన్ను బాగున్న నాకే వెలుతురులో పెట్టి చూస్తే గాని కనపడలేదు. చుట్టా బీడీ తాగుతారా, ఎప్పుడైనా తాగారా అని అడగకుండా ఇకమీద ఇవ్వనండి. కాని నా మొదటి మాట అక్కడే ఉంది. తినని మనిషికి ఆకుకూర తినండి అంటే అది వైద్యం కాదు. ఎలా తినిపించాలో చెప్పండి.

ముక్తేశ్వరం లంకరైతు

అది నేను చెప్తా. మునగాకు దూసి, పెసరపప్పులో వేసి మెత్తగా ఉడికించి, కొబ్బరి కోరు వేసి తాలింపు పెడితే పళ్ళు లేనివాళ్ళు కూడా తింటారు. తోటకూర పులుసు పెట్టండి. బచ్చలి కందా కలిపి వండండి, మన పెళ్ళిళ్ళలో ఎవరు వద్దంటారు? గుడ్డు ఉడకబెట్టి పచ్చసొనతో సహా పెట్టండి. జాంపండు మెత్తగా ముగ్గింది చూసి పెట్టండి. దీనికి ఆరేడొందలు ఎందుకండి?

తణుకు పరీక్షగది

ఈ పోస్టు మాత్రం అచ్చు వేయించి క్యాంపుల్లో పంచాలి. ఎందుకు పనిచేస్తుందో నాలుగు ముక్కలు కలుపుతాను.

మాక్యులాలో ఉండే పసుపు రంగు లూటీన్, జియాజాంతిన్‌లదే. ఒళ్ళు వాటిని తయారుచేసుకోలేదు, తిండిలోంచే రావాలి. ముదురాకుపచ్చగా ఉన్న ప్రతి కూరలోనూ లూటీన్ ఉంటుంది. పాలకూర వంద గ్రాముల్లో సుమారు 12 మిల్లీగ్రాములు, అంటే ఒక మాత్ర కన్నా ఎక్కువే. కానీ అది కొవ్వులో కరిగే పదార్థం. నూనె తాలింపో, కొబ్బరో లేకుండా నీళ్ళలో ఉడికించి పెడితే ఒంటికి సరిగ్గా పట్టదు. పచ్చసొనలో లూటీన్ కొద్దిగానే ఉన్నా దానితోపాటే కొవ్వుంటుంది కాబట్టి ఒంటికి బాగా పడుతుంది. జాంపండు వంద గ్రాముల్లో సి విటమిన్ రెండొందల మిల్లీగ్రాములు దాటుతుంది. కవళ్ళు, కానాగంతల్లాంటి కొవ్వున్న చేపలు వారానికి రెండుసార్లు తినేవాళ్ళలో మాక్యులా జబ్బు తక్కువని పరిశీలనలున్నాయి. గుళికలో రాని మేలు చేపలో ఎందుకుందంటే, చేప తిన్నవాళ్ళ మొత్తం తిండే వేరుగా ఉంటుందేమో.

కానీ అంత జింకు, అంత విటమిన్ ఇ తిండిలో రావు. భీమవరం అమ్మాయి గారి అమ్మగారికి మాత్ర అవసరం అందుకే. ఆవిడకి మాత్రా కావాలి, మునగాకు పప్పూ కావాలి.

మరో రెండు సంగతులు. రాత్రిపూట సరిగ్గా కనబడట్లేదంటే రేచీకటి అనుకుని ఎ విటమిన్ గుళికలు మింగేవాళ్ళున్నారు. ఆ లోపం చిన్నపిల్లల్లో ఎక్కువ. 1970 నుంచి ప్రభుత్వం ఆరు నెలలకోసారి పిల్లలకి ఆ మందు పోయిస్తున్నది అందుకే. అరవై దాటినవాళ్ళకి రాత్రి చూపు తగ్గితే ముందు శుక్లం కోసం చూడాలి. ఎ విటమిన్ ఎక్కువైతే లివరులో పేరుకుని చెరుపు చేస్తుంది. నందివర్ధనం పూలు మూసిన రెప్పల మీద పెట్టుకుంటే మీ ఇష్టం, కంట్లోకి మాత్రం పసరు, తేనె, పాలు ఏదీ పిండకండి. నల్లగుడ్డు మీద పుండు పడి పువ్వేసిన కళ్ళు చూశాను.

కాకినాడ వార్డు నర్సు

ఆకుకూర దగ్గర ఒక జాగ్రత్త. గుండె కవాటం మార్పించుకుని, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్ళు ఇది చదివి రేపట్నుంచి గంపెడు తోటకూర తినడం మొదలుపెడితే మందు పని తగ్గిపోతుంది, ఆకుల్లో విటమిన్ కె ఉంటుంది. పూర్తిగా మానక్కర్లేదు, రోజూ ఇంచుమించు ఒకే పాటిగా తినాలి, మార్చుకునే ముందు రక్త పరీక్ష చేసే డాక్టరుకి చెప్పాలి. కిడ్నీ జబ్బున్నవాళ్ళు కూడా అడిగి తినాలి.

భీమవరం అమ్మాయి

మా అమ్మకి డాక్టరు ఒక గళ్ళ కాగితం ఇచ్చారు. మధ్యలో చుక్క ఉంటుంది. కళ్ళజోడు పెట్టుకుని, ఒక కన్ను మూసుకుని, చుక్కనే చూడాలి. గీతలు వంకరపోయినా, ఏదైనా గడి మాయమైనా వెంటనే రమ్మన్నారు. రోజూ ఒక్కో కన్నూ విడిగా చూసుకుంటుంది. రెండు కళ్ళూ తెరిచి ఉంచితే మంచి కన్ను చెడ్డదాన్ని కప్పేస్తుంది, మాకు ఆలస్యం అయింది అందుకే. నాకూ యాభై దగ్గరపడుతున్నాయి. తల్లికుంటే పిల్లలకి వచ్చే అవకాశం ఎక్కువంటారు. నేను ఇప్పట్నుంచే మాత్రలు మొదలుపెట్టాలా?

తణుకు పరీక్షగది

వద్దండి. జబ్బు లేనివాళ్ళకి ముందుగా వేసుకుంటే రాకుండా ఆగుతుందని ఆ పరీక్షల్లో తేలలేదు. ఇప్పుడొకసారి చుక్కలు వేయించుకుని రెటీనా చూపించుకోండి, తర్వాత ఎన్నాళ్ళకి రావాలో వాళ్ళే చెప్తారు. బీపీ చూసుకోండి, ఎండలో వెళ్ళేటప్పుడు చలవద్దాలు పెట్టుకోండి, అమ్మకి వండిన కూర మీరూ తినండి.

ముక్తేశ్వరం లంకరైతు

మాత్రల మీద నా అభిప్రాయం మారలేదండి. కానీ ఆ గళ్ళ కాగితం సంగతి చదివి, నాన్న చేత ఒక కన్ను మూయించి మా ఇంటి కిటికీ చువ్వలు చూడమన్నాను. కుడి కంటికి చువ్వలు తిన్నగా ఉన్నాయట, ఎడమ కంటికి మధ్యలో రెండు వంగినట్టున్నాయట. ఆయనకి చిన్నప్పట్నుంచీ చుట్ట అలవాటు. ఎన్నాళ్ళలో తీసుకెళ్ళాలి? వచ్చే నెల ఊడ్పులయ్యాక అయితే ఫరవాలేదా?

తణుకు పరీక్షగది

ఊడ్పులయ్యేదాకా ఆగకండి. రేపో ఎల్లుండో వెళ్ళండి. గీత వంగిందంటే మాక్యులా కింద నీరు చేరుతుండవచ్చు, అదే అయితే వారాల్లో చూపు పోతుంది, తొందరగా ఇంజెక్షను పడితే నిలబడుతుంది. కళ్ళజోళ్ళ షాపుకి కాదు, రెటీనా చూసే డాక్టరున్న చోటికి వెళ్ళండి. చుక్కలు వేశాక నాలుగైదు గంటలు మసగ్గా ఉంటుంది, వెలుతురు పడదు, ఆయన్ని బండి నడపనివ్వకండి. వాడుతున్న మందుల చీటీలు, షుగరు రిపోర్టు తీసుకెళ్ళండి. చుట్ట సంగతి డాక్టరు దగ్గర దాచొద్దని ముందే చెప్పండి.

ముక్తేశ్వరం లంకరైతు

సరేనండి. రేపు పొద్దున్న మొదటి బస్సుకి బయల్దేరుతున్నాం.